ఉప్పలయ్య, ఫిట్టరు

నాలుగింటికి అన్నారు. నాలుగుంపావు దాటింది. ముఖ్య అతిథి బయలుదేరారని సభ నడిపిస్తున్న పార్థసారథి గారు మైకులో ఇప్పటికి రెండుసార్లు చెప్పారు, ఎక్కడిదాకా వచ్చారో మాత్రం చెప్పలేదు. యూనివర్సిటీ వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్ళు బోధకుడిగా పనిచేశాను గాని ఈ హాల్లో మొదటి వరసలో కూర్చోవడం ఇదే మొదలు. ఎప్పుడు సభ జరిగినా వెనక తలుపు దగ్గర నిలబడేవాణ్ణి, మైకు స్టాండు మర జారితే పిలుస్తారని. ఇప్పుడు నా వెనక రెండొందల మంది, నా పక్కన మా ఆవిడ ప్రమీల, ఆమె పక్కన నర్సు కమలాదేవి గారు, ఆ చివర పోస్టుమాన్ గట్టయ్య. ఈ రోజు తార్నాక కాలనీల సంఘం సత్కరిస్తున్నది మా ముగ్గురినీ, ఐటీఐల్లో ఒక్కో ట్రేడులో మొదటి స్థానంలో వచ్చిన ఎనిమిదిమంది పిల్లల్నీ. ఒళ్ళో ఆహ్వాన పత్రిక. చదవకూడదనుకుంటూనే నా పేరున్న చోట మళ్ళీ చదివాను. శ్రీ కె. ఏసురత్నం గారు, తార్నాక ఉచిత సాయంకాల సాంకేతిక శిక్షణాలయ వ్యవస్థాపకులు. వ్యవస్థాపకులు. ఆ మాట మిగతా అక్షరాల కంటే లావుగా అచ్చయిందా, నాకే అలా కనిపిస్తున్నదా? ప్రమీలను అడగాలనిపించింది. అడిగితే ఆమె నా వంక చూస్తుంది. ఆ చూపు ఈ హాల్లో నాకు వద్దు.

పైన ఫ్యాను తిరిగినప్పుడల్లా కీచుమంటున్నది. ఆ మోత మధ్యే మా శిక్షణాలయం పిల్ల అరుంధతి వచ్చింది. తెల్ల చున్నీ, నూనె పెట్టి బిగించిన జడ, కుడిచేతి బొటనవేలి పక్కన ఇనుము అరగదీసే ఆకురాయి పట్టిపట్టి గట్టిపడిన కాయ. పద్దెనిమిదేళ్ళ పిల్ల. బ్యాచి మొత్తం మీద ఫిట్టర్ ట్రేడులో ఒక్కతే ఆడపిల్ల, ఆమెకే మొదటి స్థానం. విద్యార్థుల తరఫున మాట్లాడమన్నారట. వంగి నా కాళ్ళకు దండం పెట్టి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఇచ్చింది.

"సార్, గిది ఒక్కసారి చూడుండ్రి. తప్పులుంటే స్టేజి మీద ఇజ్జత్ పోతది."

చదివాను. గుండ్రటి అక్షరాలు, గీత గీసుకుని రాసినట్టు. నేను ఒక హెల్పరు కూతురిని. మా నాన్న ఉప్పలయ్య గారు ఏసురత్నం సార్ గారి షెడ్డులో హెల్పరుగా పనిచేసి, విద్యార్థులకు పనిముట్లు అందించేవారు. ఆయన నా చిన్నతనంలోనే చనిపోయారు. ఒక హెల్పరు కూతురు ఫిట్టరు కావడానికి సార్ దయే కారణం. అంతవరకు చదివాక అక్షరాలు కదలడం మొదలయింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. పిల్ల ఎదురుగా నిలబడి ఉంది, నోట్‌బుక్కు దిద్దించుకునే పిల్లలా. జేబులోంచి కలం తీశాను. 'విద్యార్థులకు' అన్నచోట దీర్ఘం లేదు. దీర్ఘం పెట్టాను. కాగితం మడిచి తిరిగి ఇచ్చాను.

"మంచిగున్నదా సార్?"

"బాగుంది తల్లీ."

వెళ్ళిపోయింది. దీర్ఘం పెట్టాను. కాగితం నిండా నేను చెప్పిన అబద్ధమే ఉంటే, దాన్ని ఆ పిల్ల అంత అందమైన చేతిరాతతో రాసుకొస్తే, నేను దీర్ఘం పెట్టి ఇచ్చాను.

ఉప్పలయ్యకు దీర్ఘాలు రావు. నాలుగో తరగతి దాటలేదు. డెబ్బై తొమ్మిదిలో అనుకుంటాను, అవును, డెబ్బై తొమ్మిదే, వానలు వెనకబడ్డ ఏడు, మా వర్క్‌షాపు గేటు దగ్గర సైకిలు ఆపుకుని నిలబడ్డాడు. నాచారంలో ఏదో ఫ్యాక్టరీలో ఫిట్టరు. కాకీ చొక్కా, నుదుటి మీద చెమటతో కలిసిన ఇనుపపొడి. "సార్, మీ పోరగాండ్లు కోసి పారేసిన ముక్కలుంటయి గదా, గవి నాకియ్యిండ్రి" అన్నాడు. ఎందుకని అడిగాను. వారాసిగూడ, బౌద్ధనగర్, గోల్నాక పిల్లలు ఓ పన్నెండుమంది సాయంత్రం తన దగ్గరికొస్తున్నారట, తార్నాకలో రైలు పట్టాల వైపు ఒక రేకుల షెడ్డు దొరికిందట, ఇనుపముక్కను కదలకుండా పట్టే వైసులు రెండు బిగించాడట, నేర్పడానికి ఇనుము లేదట. నేర్పితే నీకేమొస్తుందన్నాను. నాకర్థం కాలేదు మరి, అందుకే అలా అడిగాను. అతను నా ప్రశ్న వినబడనట్టు మా బల్ల మీదున్న ముక్క ఒకటి తీసి కంటికి దగ్గరగా, కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుని చూశాడు. "గీడ రవ్వంత లేచింది సార్" అన్నాడు. అది నేను మోడల్‌గా చేసి పెట్టిన ముక్క. మట్టంపలక మీద నీలం పూసి, ముక్కను దానిమీద రుద్ది చూస్తే నిజంగానే అతను వేలు పెట్టిన చోటే రంగు అంటింది.

ఆ సాయంత్రమే షెడ్డుకు వెళ్ళాను. డిప్లొమా ఉన్నవాణ్ణి, బాపట్ల నుంచి వచ్చి ఇంత పెద్ద క్యాంపస్‌లో కుదురుకున్నవాణ్ణి. చూసి వద్దామని వెళ్ళి పద్దెనిమిదేళ్ళు అక్కడే ఉండిపోయాను. ఉప్పలయ్య నల్లబల్ల వాడేవాడు కాదు. పిల్లవాడు రాపిడి చేస్తుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. "ఆకురాయి ఏడుస్తున్నది బిడ్డా, చెయ్యి అల్కగ పెట్టు" అనేవాడు. పిల్లవాడు చెయ్యి తేలిక చేసేవాడు, మోత మారేది, ఉప్పలయ్య ముఖం విప్పారేది. నేను పుస్తకంలో కోణాలు గీసి ఏళ్ళ తరబడి చెప్తున్నది అతను చెవితో చెప్పేవాడు. అతని పక్కన నిలబడి నేనూ కళ్ళు మూసుకుని వినడం నేర్చుకున్నాను. ఎవరికీ తెలియకుండా నేర్చుకున్నాను. నేర్చుకుంటున్నానని తెలిస్తే నన్ను తక్కువగా చూస్తారని. ఇప్పుడు ఈ ఫ్యాను మోత వింటే కూడా బేరింగు ఏ వైపు అరిగిందో తెలుస్తుంది. ఆ తెలివి నాది కాదు, అతనిచ్చింది.

"ఏవండీ, నీళ్ళు తాగుతారా?"

"వద్దు."

ప్రమీల తల తిప్పకుండానే, "ఆ పిల్ల ఏం రాసుకొచ్చింది?" అంది.

చెప్పాను. హెల్పరు అన్న మాట దగ్గర నా గొంతు తగ్గింది. ఆమె చీర కొంగును వేలికి చుట్టుకుంటూ స్టేజి మీది పూలదండల్ని చూస్తూ ఉండిపోయింది. ప్రమీలకు తెలుసు. ఆ రోజు షెడ్డుకు వచ్చిన అధికారికి టీ ఫ్లాస్కు తెచ్చింది ఆమే. పదమూడేళ్ళయినా ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా మాటల్లోకి రాలేదు. వచ్చిందల్లా ఆమె చూపులోనే.

"చెప్పేద్దామనుకుంటున్నాను" అన్నాను.

"చెప్పండి. కాకపోతే ఎవరి కోసం చెప్తున్నారో చూసుకోండి. ఇవాళ ఆ పిల్ల పండగ. మీ బరువు దించుకోవడానికి దాని నెత్తిన పెట్టకండి."

ఆమె ఎప్పుడూ ఇంతే, మెల్లగా మాట్లాడి, కదలకుండా కూర్చోబెట్టేస్తుంది. నిజమే కదా, ఇన్నాళ్ళు లేని సత్యం ఈ సాయంత్రమే ఎందుకు? కాని ఇంకో గంటలో ఆ పిల్ల నా అబద్ధాన్ని తన నోటితో రెండొందల మందికి చెప్తుంది. ఆ తర్వాత అది నా అబద్ధం కాదు, ఆమె నిజం అయిపోతుంది. ఆమె పిల్లలకు కూడా అదే చెప్తుంది.

ఎనభై నాలుగు. షెడ్డులో నేర్చుకున్న పిల్లలు ట్రేడు పరీక్షకు ప్రైవేటుగా కూర్చోవచ్చని తెలిసిన ఏడు. నేర్పే చోటును అధికారి ఒకాయన వచ్చి చూడాలి, బాధ్యుడికి డిప్లొమా ఉండాలి. దరఖాస్తు కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఉప్పలయ్యే అన్నాడు, "మీ పేరు రాయుండ్రి సార్. నా పేరు రాస్తే కాయిదం గాడనే ఆగిపోతది." రాశాను. అందులో తప్పులేదు. అతను నిజంగానే మనసుపెట్టి చెప్పాడు, నేను నిజంగానే పిల్లల కోసం రాశాను. అధికారి ఓ శనివారం మధ్యాహ్నం వచ్చాడు, మర్యాదస్తుడు, కళ్ళజోడుకు నల్లదారం కట్టుకున్నాడు. వైసులు చూశాడు, పిల్లలు చేసిన, ఒకదాంట్లో ఒకటి ఇమిడే జతముక్కలు వెలుగుకు పట్టి చూశాడు, చాలా బాగున్నాయన్నాడు. మూలన ఉప్పలయ్య ఒక పిల్లవాడి మోచెయ్యి సర్దుతున్నాడు. "ఆయనెవరు?" అని అడిగాడు అధికారి.

అడిగింది అంతే. ఫిట్టరు అంటే సరిపోయేది. ఇది మొదలుపెట్టిన మనిషి అంటే సరిపోయేది. సర్టిఫికెట్ లేదుగాని నాకంటే బాగా నేర్పుతాడు అన్నా ఆ పెద్దమనిషి కాదనేవాడు కాదేమో. నేనన్నాను, "మా హెల్పరండీ."

షెడ్డులో అప్పటిదాకా ఐదారు ఆకురాళ్ళు పలుకుతున్నాయి. అన్నీ ఆగాయి. ఒకటి తప్ప. ఉప్పలయ్య పిల్లవాడి చేతిలోంచి ఆకురాయి తీసుకుని తనే రాపిడి చేస్తున్నాడు. ఆ మోత ఎంత శుభ్రంగా ఉందంటే, ఒక్క కీచు లేదు, ఒక్క తొట్రుపాటు లేదు. అధికారి వెళ్ళాక ఎప్పట్లాగే బల్లలు తుడిచాడు. "అయితది సార్, పిల్లగాండ్లకు నంబర్లొస్తయి" అన్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. ఆ మాట ఎత్తలేదు. ఒక్కటే మారింది. అధికారులెవరైనా వచ్చే రోజు తనంతట తనే బయటికి వెళ్ళి, పట్టాల పక్కన వేపచెట్టు కింద బీడీ కాల్చుకుంటూ నిలబడేవాడు.

పిల్లల పరీక్ష పోతుందని భయపడ్డానని నాకు నేను చెప్పుకున్నాను. చదువులేనివాడు నేర్పుతున్నాడని తెలిస్తే గుర్తింపు రాదేమోనని. అది అబద్ధం కాదు, ఆ భయం ఉంది. కాని దాని కింద ఇంకొకటి ఉంది. పిల్లలు అతన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. నన్ను సార్ అనేవాళ్ళు. సార్ అని బస్సు కండక్టరును కూడా అంటారు. ఉస్తాద్ అన్నప్పుడు వాళ్ళ గొంతు వేరేగా ఉండేది. ఐదేళ్ళు విన్నాను దాన్ని. ఏ ఒక్క పిల్లవాడూ పొరపాటున కూడా నన్ను ఆ మాట అనలేదు. ఆ మధ్యాహ్నం అధికారి ముందు హెల్పరన్నప్పుడు నా ఛాతీలో ఏదో చల్లగా దిగింది, దాహం తీరినట్టు. ఆ చల్లదనాన్నే నేను మర్చిపోలేకపోతున్నాను. ప్రతి ఆదివారం సీతాఫల్‌మండి చర్చిలో మోకాళ్ళ మీద ఉండి అందరితోపాటు పాపాలన్నీ ఒప్పుకుంటాను. అన్నీ అని కలిపి ఒప్పుకోవడం తేలిక. ఒక్కదాని పేరు పెట్టి చెప్పాల్సివస్తే నాలుక తిరగదు.

ఎనభై ఎనిమిదిలో పనిలో ఉండగానే గుండె ఆగి పోయాడు. యాభై నిండలేదు. షెడ్డు నడిపాను, ఆపలేదు, ఆ ఒక్కటీ చేశాను. నాలుగొందల మంది దాకా వచ్చి వెళ్ళారు. షెడ్డు బోర్డు మీద నా పేరు ఉన్నది ఉన్నట్టే ఉంది. పిల్లలు మారుతూ ఉంటే నిజం తెలిసినవాళ్ళు వెళ్ళిపోయి, బోర్డు చదివినవాళ్ళు వచ్చారు. ఎవరూ అబద్ధం ఆడనక్కర్లేకపోయింది. తన పద్నాలుగో ఏట అరుంధతి వచ్చింది, వాళ్ళమ్మ ఈశ్వరమ్మ చెయ్యి పట్టుకుని. "దీనికి కుట్టుపని వద్దట సార్, ఇనుము కావాలంట" అంది ఈశ్వరమ్మ. మొదటి రోజే ఆ పిల్ల ఆకురాయి పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎవరూ చెప్పలేదు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆ రోజు చెప్పి ఉంటే కథలా విని నవ్వేది. ప్రతి ఏడూ ఇంకాస్త ఆలస్యమయింది, ఆలస్యమైనకొద్దీ చెప్పాల్సింది పెద్దదయింది.

లేచాను. "ఎక్కడికి?" అంది ప్రమీల. "పిల్లతో మాట్లాడి వస్తాను." ఆమె కాళ్ళు పక్కకు జరిపి దారిచ్చింది. స్టేజి పక్క గదిలో ఎనిమిదిమందినీ వరసలో నిలబెడుతున్నారు, వెల్డరు, టర్నరు, ఎలక్ట్రీషియను, ఎవరి ట్రేడు కాగితం వాళ్ళ ఛాతీకి పిన్ను పెట్టి. అరుంధతి పెదవులు కదుపుతూ కాగితం వల్లె వేస్తున్నది. నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అరుంధతీ అని పిలవడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడే బయట కార్ల చప్పుడు, పార్థసారథి గారు చెమటలు కక్కుతూ వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు. "సార్ సార్, మీరిక్కడున్నారా, చీఫ్ గెస్ట్ వచ్చేశారు, ఆయనకి ఆరింటికి ఇంకో ప్రోగ్రాముంది, ఫస్ట్ మీదే, రండి రండి" అంటూ మెట్లెక్కించేశారు.

దీపం, ప్రార్థనాగీతం, రెండు ఉపన్యాసాలు, అన్నీ తొందరగా జరిగిపోయాయి. నా పేరు పిలిచారు. భుజాల మీద శాలువా పడింది. వెచ్చగా, కొత్తబట్ట వాసనతో. పార్థసారథి గారు సన్మానపత్రం చదువుతున్నారు, ఆయన గొంతు మంచిది, వ్యవస్థాపకులు అన్న మాటను సాగదీసి పలికారు. కింద చివరి వరసలో ఈశ్వరమ్మ కనిపించింది, నీలం చీర, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడుతున్నది. సత్కారం అందుకున్నవాళ్ళను మాట్లాడమనడం కార్యక్రమంలో లేదు. దిగిపొమ్మన్నట్టు చెయ్యి చూపించారు. నేను మైకు దగ్గరికి నడిచాను. ఎత్తు సరిచేయాలని అలవాటుగా మర తిప్పి, అప్పుడు మాట్లాడాను.

"ఇందులో ఒక తప్పుంది. ఆ షెడ్డు పెట్టింది నేను కాదు. వారాసిగూడ ఉప్పలయ్య. ఆయన ఫిట్టరు. నాకు డిప్లొమా ఉండేది, ఆయనకు పని వచ్చేది. పని నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఎనభై నాలుగులో ఒక పెద్దమనిషి అడిగితే ఆయన్ని మా హెల్పరని చెప్పాను. ఆయన వింటుండగానే చెప్పాను. అది అబద్ధం. ఈ శాలువా ఆయనకు కప్పవలసింది."

తర్వాత చప్పట్లు. ఇందాకటికంటే ఎక్కువ. పార్థసారథి గారు మైకు అందుకుని, "చూశారా, ఇదండీ మన ఏసురత్నం గారి వినయం! క్రెడిట్ అంతా తన కింద పనిచేసినవాళ్ళకే ఇచ్చేస్తున్నారు!" అన్నారు. ముఖ్య అతిథి నా భుజం తట్టారు. కాదండీ అన్నాను. మైకు ఆయన చేతిలో ఉంది. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ నా కుర్చీలోకి వచ్చి పడ్డాను. ప్రమీల నా చేతిమీద చెయ్యి వేసింది.

అరుంధతిని పిలిచేసరికి ఐదున్నర. పతకం వేయించుకుని మైకు ముందుకొచ్చింది. కాగితం చేతిలో ఉంది. దాని వంక చూసింది, చాలాసేపు, కింద ఎవరో దగ్గారు. ఆమె ముఖంలో ఏడుపు లేదు. జత కుదరని ముక్క తిప్పితిప్పి చూస్తున్నప్పుడు ఉండే ముఖం.

"నా పేరు అరుంధతి. మా నాయిన పేరు ఉప్పలయ్య. ఫిట్టరు. నేను గూడ ఫిట్టరునే." కాగితం మడిచింది. "నేను రాసుకొచ్చిందాంట్ల తప్పున్నది. అందుకే చదువుతలేను."

అంతే చెప్పి దిగిపోయింది. నా ముందు నుంచే వెళ్ళింది. నా వైపు చూడలేదు.

బయట మెట్లమీద ఎండ వాలుతున్నది. అడిక్‌మెట్ వైపు వెళ్ళే రోడ్డు మీద సైకిళ్ళు, హాస్టలు పిల్లల అరుపులు. అరుంధతి దూరంగా గుల్‌మొహర్ కింద నిలబడి ఉంది, మాకు వీపు పెట్టి. ప్రమీలను ఆగమని చెప్పి నేను మెట్లు దిగుతుంటే ఈశ్వరమ్మే ఎదురొచ్చింది.

"అమ్మా, పిల్ల..."

"దానికి కోపమొచ్చింది సార్. ఉండనియ్యిండ్రి. రావాల్నాయె."

"నీకు తెలుసా ఈ సంగతి?"

"తెల్వకేంది? ఆ దినమే ఇంటికొచ్చి చెప్పిండు. బువ్వ పెడితే తినలే."

"మరి పిల్లకు హెల్పరనే ఎందుకు చెప్పావమ్మా? నిజం చెప్పాల్సింది కదా."

ఈశ్వరమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది. "ఫిట్టరంటే కాయిదమేది అంటరు సార్. హెల్పరంటే ఎవ్వరడగరు. గది అలవాటైపోయింది." నన్ను ఓదారుస్తున్నట్టు అంది, "మా ఆయన మిమ్ముల తప్పువట్టలే. సార్ భయపడ్డడే, పిల్లగాండ్ల పరీక్ష పోతదని భయపడ్డడు, పోనియ్యి అన్నడు. గంతే."

అక్కడితో ఊరుకోవచ్చు. ఆమె తలుపు తీసి పెట్టింది, నడిచి వెళ్ళిపోతే చాలు. చనిపోయిన మనిషి నా గురించి మంచిగానే అనుకుని పోయాడు, అతని భార్య కూడా అలాగే అనుకుంటున్నది, ఇంకేం కావాలి. స్టేజి మీద ఇది చెప్పలేదు నేను. రెండొందల మంది ముందు చెప్పింది సగమే.

"భయం ఒక్కటే కాదమ్మా" అన్నాను. "పిల్లలు ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. నన్ను ఎవరూ అనలేదు. నాకు కడుపుమంట. అందుకే ఆ మాట వచ్చింది. అన్నాక నాకు సంతోషం కూడా అయింది."

ఈశ్వరమ్మ నా ముఖంలోకి చూసింది. చప్పట్లు లేవు, భుజం తట్టేవాళ్ళు లేరు. ఎక్కడో క్యాంపస్ బస్సు హారన్ కొట్టింది. ఆమె కళ్ళల్లో అప్పటిదాకా ఉన్న మెత్తదనం మెల్లగా, నా కళ్ళ ముందే వెనక్కి వెళ్ళిపోయింది.

"గది ఆయనకు తెల్వదు" అంది. "తెల్వకనే పోయిండు. మంచిగయింది."

చెప్పులు సర్దుకుని కూతురి దగ్గరికి వెళ్ళింది. ఏదో అన్నది, అరుంధతి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, తర్వాత ఇద్దరూ తార్నాక వైపు నడిచారు. వాళ్ళు గేటు దాటేదాకా నేను అక్కడే నిలబడ్డాను.